ఒకటి పొడుగు, రెండు పొట్టి

జూబ్లీహిల్స్‌లో ప్రతి ఇంటికీ ఒక గేటు, గేటుకో వాచ్‌మన్, ఆ వాచ్‌మన్ చెవికి మాత్రమే అందే ఒక హారన్ ఉంటాయి. కారు వాలు దిగుతుండగానే హారన్ కొడతారు. అది మన బండా, ఎదురింటి నిర్మాతదా, కథ చెప్పడానికి వచ్చిన ఎవరో కుర్రాడి అద్దె బండా అన్నది పోల్చుకుని, స్టూలు మీంచి లేవాలో వద్దో వాచ్‌మన్ తేల్చుకుంటాడు. మా ఇంటి హారన్ ఒకటి పొడుగు, రెండు పొట్టి. మద్రాసు వదిలి ఈ ఊరు వచ్చి, ఫిల్మ్‌నగర్‌కి దగ్గరగా ఈ ఇంట్లో దిగిన రోజునే మా ఆయన ఆదినారాయణ పెట్టుకున్న గుర్తు అది.

ఆ హారన్ వినపడగానే బాలనర్సయ్య గేటు తీసేవాడు. మా అత్తగారు రాజ్యలక్ష్మిగారు ఎక్కడున్నా వరండాలోకి వెళ్ళి నిలబడేవారు. నేను వంటింట్లోకి పరుగెత్తి పొయ్యి వెలిగించేదాన్ని. ఎదురెళ్ళే భాగ్యం ఆవిడది, కూర వేడిచేసే భాగ్యం నాది. ఈ పంపకం ఎవరు చేశారని నన్నడక్కండి, నేను కాపురానికి వచ్చేసరికే అయిపోయింది.

తొంభై ఎనిమిది వేసవిలో ఆయన పోయారు. మద్రాసులో, రికార్డింగ్ థియేటర్లో, కీబోర్డు ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. గుండె. రైల్లో వెళ్ళారు కాబట్టి కారు ఇక్కడే ఉండిపోయింది. పెద్దకర్మ అవగానే దాన్ని అమ్మించేశాను. కారు గేటు దాటుతుంటే అత్తయ్యగారు వరండాలో నిలబడి చెవులు మూసుకున్నారు.

ఏళ్ళ తరబడి ఇంకొకళ్ళ పాటలకు వాయిద్యాలు కూర్చిన మనిషికి, ఆఖరున సంగీత దర్శకుడిగా ఒక సినిమా దొరికింది. అందులో పాటలన్నీ రికార్డయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మేడమీద గదిలో ఆయన కంప్యూటర్లో ఉంది. ఆ గది తలుపు నేను దసరా దాకా తీయలేకపోయాను. ప్రొడక్షన్ మేనేజరు వీరరాఘవయ్య మాత్రం ఫోను మానలేదు.

“పుష్పవల్లిగారూ, ఆ ట్యూను ఒక్కటి ఇప్పించారంటే టైటిల్స్‌లో సంగీతం కింద ఆయన పేరొక్కటే వేస్తామండీ. లేకపోతే ఇంకొకళ్ళ చేత చేయించాలి. అప్పుడు ఆ పేరూ వేయాలి, వాళ్ళు పెద్దవాళ్ళయితే ముందు వేయాలి. మీకు తెలియనిదేముంది.”

తెలియకేం. తెర మీద ఆయన పేరు ఒక్కటే, పక్కన ఇంకెవరూ లేకుండా పడాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ పేరు కోసమే గది తలుపు తీశాను.

అది ఆయుధ పూజ రోజు. ఏడాది తిరగని ఇంట్లో పండగేమిటని నేనంటే, “పండగ మనకు లేదమ్మాయ్, వాడి పనిముట్లకి ఎందుకు ఉండదు?” అన్నారు అత్తయ్యగారు. ఆయన ప్రతి దసరాకీ చేసే తతంగం ఒకటుంది. సీపీయూ డబ్బాకి పక్క మూత ఎప్పుడూ ఉండేది కాదు, వేడెక్కుతుందని ఫ్యాను ఎదురుగా పెట్టి అలాగే వదిలేసేవారు. పండగ నాడు అందులో కార్డులన్నీ ఊడదీసి, రంగుల బ్రష్షుతో దుమ్ము దులిపి, హార్మోనియం పక్కనే పీట మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ బొట్టు పెట్టి, హారతిచ్చి మళ్ళీ బిగించేవారు. చూసి చూసి నాకూ చేతనైంది. ఏది ఏ గాట్లోంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని తీశాను, దులిపాను, పేర్చాను. బొట్టు పెట్టే పని ఆవిడ తీసుకున్నారు. లోకం లెక్కన కుంకుమ భరిణె ముట్టకూడని ఇద్దరు ఆడవాళ్ళం కూర్చుని ఆ ముక్కలకు తీర్చి తీర్చి బొట్లు పెట్టాం. ఆయనైతే కార్డు చివరి ఇనప రేకు మీద పెట్టేవారు. ఆవిడకి ఒక కార్డు అంచున బంగారు రంగులో మెరిసే పళ్ళవరస నచ్చింది. దాని ముఖం అదే అనుకున్నారు కాబోలు, తడి పసుపు రాసి, మధ్యలో కుంకుమ అద్దారు. నేనూ చూస్తూ ఊరుకున్నాను.

అన్నీ మళ్ళీ బిగించి స్విచ్చి నొక్కాను. ఫ్యాను తిరిగింది. మానిటరు నల్లగానే ఉండిపోయింది. హారన్ మోగింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి.

కింద గేటు కిర్రుమంది. కిటికీలోంచి చూస్తే, బాలనర్సయ్య రెండు రెక్కలూ బార్లా తీసి, పక్కకి జరిగి నిలబడి సలాం చేస్తున్నాడు. రోడ్డు మీద పురుగు లేదు. అప్పటిదాకా నా పక్కనున్న అత్తయ్యగారు అప్పటికే సగం మెట్లు దిగేశారు. మోకాళ్ళ నొప్పులని నెలల తరబడి మూలిగిన మనిషి ఆవిడే.

మర్నాడు అమీర్‌పేట నుంచి సర్వీసు ఇంజనీరు అచ్యుతరామయ్య వచ్చాడు. ఆయనకి ఆ కంప్యూటరు అమర్చి ఇచ్చింది అతనే. జరిగింది చెబితే నవ్వాడు.

“ఇందులో వింతేం లేదండీ. డిస్‌ప్లే కార్డు గాట్లో సరిగ్గా కూర్చోకపోతే ఇలాగే కూస్తుంది. ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఈ రకం బోర్డులన్నిటికీ అదే లెక్క. లోపల బిళ్ళంత స్పీకరు ఒకటుంటుంది, అది కూస్తుంది. కార్డు తీసి, ఆ పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ గట్టిగా నొక్కితే అయిపోయె.”

నాకు ప్రాణం లేచొచ్చింది. అతను స్క్రూ డ్రైవరు తీసేలోపల అత్తయ్యగారు వచ్చి డబ్బాకి అడ్డంగా నిలబడ్డారు. శుక్రవారం ఇనుము ముట్టకూడదన్నారు. సరే, పోనీ హార్డ్ డిస్కు ఒక్కటే ఊడదీసి మా ఆఫీసుకి పట్టుకెళ్ళి పాట తీసిస్తానన్నాడు అతను. “ఉన్న గుండెకాయ ఊడదీసుకుపోతానంటున్నాడు, వీణ్ణి పొమ్మను” అన్నారు ఆవిడ నాతో, అతను అక్కడుండగానే. అతను కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం దీపం పెట్టగానే ఆవిడ పైకి చూసి, “అమ్మాయ్, స్విచ్చి వెయ్యి” అనేవారు. నేను వేసేదాన్ని. హారన్ మోగేది. గేటు తెరుచుకునేది. ఆవిడ వరండాలో నిలబడి, తల కొంచెం పక్కకి వంచి చూసి, లోపలికి దారి ఇస్తున్నట్టు జరిగేవారు. తర్వాత ఆయన కుర్చీ పక్క బల్ల మీద కాఫీ పెట్టేవారు. అది మీగడ కట్టేదాకా ఉండి, ఆవిడే తీసి పారబోసేవారు. నాకు ఒళ్ళు మండేది. జాలి పడాల్సిన చోట ఒళ్ళు మండడమేమిటంటే, ఉన్నమాట చెబుతాను, అసూయ. పోయిన మనిషి వచ్చినా ఆవిడ కోసమే వస్తున్నాడు. నాకు పాట కావాలి, పాట లోపల ఉంది, ఆవిడకి హారన్ కావాలి, పాట బయటికి వస్తే హారన్ ఉండదు.

ఒక ఆదివారం సాయంత్రం ఆ మాటే అనేశాను. “అది కంప్యూటరు కూత అత్తయ్యగారూ, మీ అబ్బాయి కాదు. చెడిపోయిన ఏ కంప్యూటరైనా అలాగే కూస్తుంది. దాన్ని పట్టుకుని కూర్చుంటే ఆయన పేరు మీద ఇంకొకడి పేరు ఎక్కుతుంది.” ఆవిడ కూడా ఊరుకోలేదు. నీ పేరు పిచ్చి నీదేనన్నారు, కారు అమ్మినదానివి హారన్ కూడా అమ్ముకో అన్నారు. ఇద్దరి గొంతులూ బాగానే లేచాయి. ఆవిడ ఏడుస్తూనే స్విచ్చి వేయమన్నారు, నేను కసిగా నొక్కాను. అలవాటు ప్రకారం మోగింది.

రెండు రోజులు పోయాక, బాలనర్సయ్యని పట్టుకున్నాను. బోరబండ నుంచి వస్తాడు, మనిషి నిదానం, తాగుడు లేదు.

“పైన కంప్యూటరు కూస్తోందని నీకూ తెలుసుగా. బండి లేదు, ఏమీ లేదు. గేటెందుకు తీస్తున్నావు?”

“హారన్ ఇన్నంక తియ్యకుంట ఎట్లుంటనమ్మా.”

“తీస్తే తీశావు. సలాం ఎవరికి?”

అతను తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “నాకేం కనవడదమ్మా, ఒట్టు. గానీ గేటు ఎప్పుడు ముయ్యాల్నో తెలుస్తది. బండి లోపటికి వచ్చేదాంక ముయ్యబుద్ధి కాదు. వచ్చినంక చెయ్యి దానంతటదే లేస్తది. మొన్న ఐతారమే జర పరేషాన్ అయింది. బండి లోపటికి రాలే. గేటు కాడనే ఆగింది. గట్లనే రెక్క పట్టుకొని శానాసేపు నిలవడ్డ.”

లోపలికి వచ్చేశాను. ఇంట్లో మా ఇద్దరి గొంతులూ లేచినట్టు వినపడితే, అవి చల్లబడేదాకా గేటు దగ్గర కారులోనే కూర్చోవడం ఆయన అలవాటు. ఆ సంగతి బాలనర్సయ్యకీ తెలుసు, ఆదివారం మా అరుపులు గేటుదాకా వినపడే ఉంటాయి, అందులోంచే ఇదంతా ఊహించుకుని ఉంటాడు. అలా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకున్నా ఆ సాయంత్రం స్విచ్చి వేసి, కిటికీలోంచి గేటు వైపు తొంగి చూశాను.

మర్నాడు పొద్దున్నే వీరరాఘవయ్య ఫోను. ఇంక ఆగడం తన చేతుల్లో లేదనీ, రేపటికల్లా ట్యూను రాకపోతే పాట ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారనీ చెప్పాడు. అత్తయ్యగారు పెద్దమ్మ తల్లి గుడికి వెళ్ళారు. పెన్సిల్ రబ్బరు, స్క్రూ డ్రైవరు పట్టుకుని మేడెక్కాను.

వైరు గోడలోంచి తీసేసి, డబ్బాని పక్కకి పడుకోబెట్టి డిస్‌ప్లే కార్డు లాగాను. బంగారు పళ్ళ మీద పసుపు ఎండి పొక్కులు కట్టింది, గాట్లో కుంకుమ చేరింది. అదీ రోగం. నవ్వొచ్చింది కూడా. బ్రష్షుతో గాడిని దులిపి, రబ్బరుతో పళ్ళని మెరిసేదాకా రుద్దాను. అచ్యుతరామయ్య చెప్పిన ఆ బిళ్ళంత స్పీకరు ఎక్కడుందో చూద్దామని, పని అయిపోయాక ఊరికే వెతికాను. ఇన్నాళ్ళూ నన్ను సతాయించినది ఎంత ఉందో చూడాలనిపించింది.

డబ్బా మూలన ఉంది. దాని నుంచి వచ్చిన సన్నటి వైరు బోర్డుకి తగిలించి లేదు. వైరు చివర నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు చుట్టిన తీరు ఆయనది, చివర చిన్నగా మడతపెట్టి వదలడం. టేపు మీద దుమ్ము అట్ట కట్టింది, గోటితో గీరితే గాని ఆ దుమ్ము రాలలేదు. పండగ నాడు నా చెయ్యి అటు వెళ్ళనే లేదు. అప్పుడు గుర్తొచ్చింది, కంప్యూటరు కొన్న కొత్తలోనే, “స్విచ్చి వేసిన ప్రతిసారీ కుయ్యిమంటుంది, నా శ్రుతి చెడగొడుతోంది” అని ఆయన విసుక్కుని దాని నోరు నొక్కేశారు. ఆ తర్వాత, మొన్నటి దసరా దాకా, ఆ డబ్బా కూయగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

పాట వినిపించే పెద్ద స్పీకర్ల వైపు చూశాను. వాటి మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది, వాటి ప్లగ్గులు నేల మీద ఉన్నాయి. కూయడానికి ఆ గదిలో ఇంకేమీ లేదు.

భయమేసింది. పొద్దున పూట, కిటికీ నిండా ఎండ, కింద ఎవరో కారు కడుగుతున్న చప్పుడు, అయినా భయమేసింది. కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు నేల మీద కూర్చున్నాను. దీన్ని ఇలాగే వదిలేస్తే సాయంత్రం ఆయన మళ్ళీ వస్తారు. బిగిస్తే పాట వస్తుంది. పేరు కావాలా, మనిషి కావాలా అని నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో ఇప్పటికీ తెలియదు. ఆ వేళ మాత్రం, కనిపించని మనిషి కంటే తెర మీద కనిపించే పేరు నయమనుకున్నాను. కార్డు గాట్లో పెట్టి గట్టిగా నొక్కాను. వైరు గోడలో గుచ్చి స్విచ్చి వేశాను.

ఏ చప్పుడూ లేకుండా మానిటరు వెలిగింది. అక్షరాలు ఒక్కొక్కటే పైకి పాకాయి.

అదే క్షణంలో కింద గేటు కిర్రుమంది. హారన్ లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి, బాలనర్సయ్య గేటు తీసి పట్టుకుని, ఇంటి వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపు ఆగి, రోడ్డు వైపు తిరిగి, వాలు పైదాకా చూసి, గేటు మూసేశాడు.

“ఎవరొచ్చారు?” అని పైనుంచే అడిగాను.

“ఎవ్వరు రాలేదమ్మా,” అన్నాడు. “పోయిండు.”

పాట దొరికింది. పెద్ద స్పీకర్లు తగిలించి పెట్టాను. ముందు తబలా, తర్వాత వేణువు, దాని మీద మాటల్లేకుండా ఆయన గొంతు. కొంచెం జలుబు చేసినట్టుంది. నేను నేల మీద కూర్చుని ఏడుస్తుండగా అత్తయ్యగారు ప్రసాదం పొట్లంతో గుమ్మంలోకి వచ్చారు. నన్ను తిడతారనుకున్నాను. పాట అయ్యేదాకా నిలబడి విన్నారు.

“బాగా చేశాడు,” అన్నారు. “ఇది ఊరందరి కోసం చేశాడు. నాకోసం వచ్చేది ఏదమ్మా?”

ఆ మధ్యాహ్నమే వీరరాఘవయ్య మనుషులు వచ్చి పాట ఎక్కించుకుని వెళ్ళారు. పేరు ఒక్కటే వేస్తామని మళ్ళీ మాటిచ్చారు. నేను గెలిచాను. గెలిచిన సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేడు.

ఆ సాయంత్రం నుంచి అత్తయ్యగారు దీపం పెట్టి వరండాలో కూర్చునేవారు. స్విచ్చి వేయమని అడిగేవారు కాదు. కాఫీ కలపడం మానేశారు, తను తాగడం కూడా మానేశారు. గేటు దగ్గర బాలనర్సయ్య ఏ బండికీ లేవకుండా రోడ్డు చూస్తూ ఉండేవాడు. వాలు మీద ఎన్నో కార్లు రకరకాలుగా మోగుతూ దిగేవి. ప్రతి మోతకీ ఆవిడ తల కొంచెం లేచి, మళ్ళీ వాలిపోయేది. నేను చూడలేకపోయేదాన్ని. ఇన్నేళ్ళు ఆవిడ మీద ఎన్ని మాటలు మనసులో అనుకున్నానో, అవన్నీ ఎవరి మీద అనుకున్నానో కూడా అర్థం కాలేదు.

ఒక రోజు ఆవిడే మేడెక్కి వచ్చారు, ఒక్కో మెట్టూ పట్టుకుని.

“అమ్మాయ్, పాట ఇచ్చేశావుగా. నీ పని అయిపోయిందిగా. ఇంక దాన్ని మళ్ళీ పాడు చెయ్యమ్మా.”

అంత నెమ్మదిగా ఆవిడ నన్ను ఏదీ అడగలేదు ఎప్పుడూ. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. డబ్బా పడుకోబెట్టి, కార్డు ఊడదీసి పక్కన పెట్టి స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. అంతే. ఆపి, మళ్ళీ వేశాను. కార్డు సగం గుచ్చి చూశాను, వంకరగా గుచ్చి చూశాను. కుంకుమ తెచ్చి గాట్లో పోశాను కూడా. ఏ చప్పుడూ లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. ఇంతకుముందు ఎందుకు ఉందో అదే తెలియదు.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు.

“ఉండండి అత్తయ్యగారూ,” అన్నాను. “వైరేదో ఊడినట్టుంది.”

నల్ల టేపు విప్పాను. ఆయన మడత పెట్టిన కొస గోటికి తగిలింది. వైరు కొస బోర్డు మీది సూదుల్లో ఎక్కడ గుచ్చాలో అక్కడ చిన్న అక్షరాలు రాసి ఉన్నాయి, వెతుక్కుని గుచ్చాను. నేను చేస్తున్నది మోసమని తెలుసు. ఆవిడ కాఫీ తాగితే చాలనుకున్నాను. స్విచ్చి వేశాను.

కూసింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి.

నా మొహం విప్పారింది. ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ లేవలేదు. కిటికీలోంచి చూస్తే, బాలనర్సయ్య స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. ఒకసారి తలెత్తి మా కిటికీ వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

“ఇది వాడు కాదమ్మాయ్,” అన్నారు అత్తయ్యగారు. కోపం లేదు, ఏడుపు కూడా లేదు. నేను పడ్డ శ్రమకి నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నేను స్విచ్చి ఆపి మళ్ళీ వేశాను. డబ్బా పక్కన పడుకుని, చెవి దాని దగ్గరగా పెట్టి విన్నాను. మళ్ళీ వేశాను, మళ్ళీ విన్నాను. తేడా ఎక్కడుందో పట్టుకుందామని కళ్ళు మూసుకుని విన్నాను. ఎన్నిసార్లు విన్నా నాకది ఆయనలాగే వినిపించింది.